నాలుగో నంబరులో నలభైలు

2008 నవంబర్ 12, బుధవారం. అమెరికాలో పొద్దున్నే ఆఫీసులకు బయల్దేరిన ఎక్స్‌ఎం శాటిలైట్ రేడియో శ్రోతలు కారులో అలవాటు కొద్దీ 44 నొక్కారు. అక్కడ ‘ఫ్రెడ్’ ఉండాలి. డాష్‌బోర్డు మీద చిన్న తెరలో ‘ఫస్ట్ వేవ్’ అని కనిపించింది. 47కి వెళితే ‘ఎథెల్’ లేదు, ‘ఆల్ట్ నేషన్’ ఉంది. 54లో ‘లూసీ’ లేదు, ‘లిథియం’ ఉంది. పాటలు చాలావరకూ పాతవే. గొంతులు మాత్రం వేరు, పాటకూ పాటకూ మధ్య వినిపించే చిన్న చిన్న ట్యూన్లు వేరు. రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన పక్కింటివాళ్ల గుమ్మం ముందు నిలబడ్డట్టయింది చాలామందికి.

ఫ్రెడ్, ఎథెల్, లూసీ మనుషులు కారు. 1950లలో అమెరికాను నవ్వించిన ‘ఐ లవ్ లూసీ’ అనే టీవీ సీరియల్లోని పాత్రల పేర్లు అవి. ఎక్స్‌ఎం వాళ్లు ఆ పేర్లను మూడు రాక్ చానళ్లకు పెట్టుకున్నారు. పాతతరం ప్రత్యామ్నాయ రాక్‌కు ఫ్రెడ్, అప్పటికప్పుడు వస్తున్న వాటికి ఎథెల్, తొంభైల హిట్లకు లూసీ. పేరు చూస్తే లోపల ఏముందో తెలియదు. నెల రోజులు వింటే మాత్రం సొంతమనిషి పేరులా నాలుకకు అలవాటైపోతుంది. వ్యాపారం తెలిసినవాళ్లు ఇలాంటి పేర్లు పెట్టరు. పెట్టినవాళ్లకు పాటల పిచ్చి ఉండి ఉండాలి.

మన దగ్గర రేడియో సిలోన్‌లో పాటల కోసం ముల్లును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపిన తరానికి ఈ గొడవ కొత్తగా ఉండొచ్చు. ఆ రోజుల్లో స్టేషన్ అంటే ముల్లు ఆగే చోటు, గరగరల మధ్య దొరికే ఒక సందు. శాటిలైట్ రేడియోలో ముల్లు లేదు, గరగర లేదు. ఉన్నది అంకె ఒక్కటే. అందుకే అక్కడ అంకె కదిలితే ఊరు కదిలినట్టే.

ఆ అంకెలు గాలిలోంచి పుట్టలేదు. 1997లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ శాటిలైట్ రేడియోకు రెండు లైసెన్సులు వేలం వేసింది. సీడీ రేడియో అనే సంస్థ 8 కోట్ల 33 లక్షల డాలర్లకు ఒకటి పాడుకుంది. తర్వాత సిరియస్ అయింది అదే. రెండోదాన్ని దాదాపు 9 కోట్ల డాలర్లకు పాడుకున్నది తర్వాత ఎక్స్‌ఎం అయింది. సిరియస్ వాళ్లు 2000లో మూడు ఉపగ్రహాలను బైకనూర్ నుంచి పంపించారు. ఎక్స్‌ఎం వాళ్లు 2001లో పసిఫిక్ సముద్రం నడిమధ్య తేలే వేదిక నుంచి రెండింటిని పంపించి, ఒకదానికి రాక్ అనీ రెండోదానికి రోల్ అనీ పేర్లు పెట్టారు.

ఎక్స్‌ఎం ప్రసారాలు 2001 సెప్టెంబర్ 12న మొదలు కావాలి. ముందురోజు న్యూయార్క్, వాషింగ్టన్‌లపై జరిగిన దాడులతో అది ఆగింది. చివరికి సెప్టెంబర్ 25న డాలస్-ఫోర్ట్ వర్త్, శాన్ డియాగో ప్రాంతాల్లో సేవ మొదలైంది. ఇప్పుడు ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో అంటూ తెలుగువాళ్లు సగం వీధులు ఆక్రమించిన డాలస్ పరిసరాలే ఈ రేడియోకు పురిటిగడ్డ అన్నమాట. దేశమంతటికీ విస్తరించింది అదే ఏడాది నవంబర్ 12న. ఫ్రెడ్ పోయిన రోజుకు సరిగ్గా ఏడేళ్ల ముందు.

నెలకు 9.99 డాలర్లు, దాదాపు వంద చానళ్లు. వాటి వరసలో ఒక చమత్కారం ఉండేది. 4 నంబరులో 1940ల పాటలు, 5లో 50లవి, 6లో 60లవి, అలా 9 దాకా. ‘ఫోర్టీస్ ఆన్ ఫోర్’, ‘ఫిఫ్టీస్ ఆన్ ఫైవ్’ అనేవే వాటి పేర్లు. జాబితా చూడక్కర్లేదు. తాతగారికి నాలుగు, నాన్నకు ఏడు, తనకు తొమ్మిది అని ఇంటిల్లిపాదికీ గుర్తుండిపోయేది. 1వ నంబరులో చందా లేనివాళ్లకు రుచి చూపించే చానల్ ఉండేది. 0వ నంబరులో పాటా లేదు, మాటా లేదు. అక్కడికి వెళితే తెరపై ఆ రేడియో సొంత గుర్తింపు, ఎనిమిది అక్షరాంకెలు కనిపించేది. చందా కట్టేటప్పుడు ఫోనులో చదివి వినిపించాల్సింది అదే. అందులో ఐ, ఓ, ఎస్, ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ రావు. ఐని ఒకటి అనీ ఓని సున్నా అనీ పొరబడకుండా, ఫోనులో ఎస్ అంటే ఎఫ్ అని వినబడకుండా తీసుకున్న జాగ్రత్త.

సిరియస్ 2002 ఫిబ్రవరి 14న వచ్చింది, నెలకు 12.95 డాలర్లతో. పాటల మధ్య ప్రకటనలు ఉండవన్నది దాని ఆకర్షణ. ఎక్స్‌ఎం కూడా 2004లో తన సంగీత చానళ్ల నుంచి ప్రకటనలు తీసేసింది. ఆ ఏడాదే అసలు వేలంవెర్రి మొదలైంది. నోటి దురుసుకు పేరుపడ్డ వ్యాఖ్యాత హోవర్డ్ స్టెర్న్‌ను అయిదేళ్లకు 50 కోట్ల డాలర్ల ఒప్పందంతో సిరియస్ తెచ్చుకుంది. ఎక్స్‌ఎం బేస్‌బాల్ ప్రసారాలకు పదకొండేళ్లకు 65 కోట్లు ఇస్తానంది. అమెరికన్ ఫుట్‌బాల్ అప్పటికే సిరియస్ చేతిలో ఉంది. స్టెర్న్ అభిమానికి ఒక రేడియో, బేస్‌బాల్ అభిమానికి ఇంకొకటి. ఒకదాని పెట్టెలో రెండోదాని ప్రసారం రాదు. రెండు కంపెనీలూ చందాదారులను లక్షల్లో కూడగట్టుకుంటూనే నష్టాల్లో కూరుకుపోయాయి.

చానళ్ల వరస తరచూ ఎందుకు మారుతుందో అర్థం కావాలంటే ఇంకో సంగతి తెలియాలి. ఒక్కో కంపెనీకి దక్కింది 12.5 మెగాహెర్ట్జ్ వెడల్పున్న తరంగాల పట్టీ. అందులో పట్టే సమాచారం కొలిచి పోసినట్టే ఉంటుంది. కొత్త చానల్ పెట్టాలంటే ఉన్నవాటి వాటా తగ్గించాలి. తగ్గిస్తే వయొలిన్ మీద దుమ్ము పడ్డట్టు వినబడుతుంది, తాళాల మోత చప్పబడుతుంది. మాటల చానళ్లు తక్కువ వాటాతో నెట్టుకొస్తాయి, సంగీతం అలా ఒప్పుకోదు. పంక్తిలో ఆకులు పెరిగితే పప్పులో నీళ్లు పోసినట్టు కొన్నాళ్లు సర్దుకోవచ్చు. ఆ తర్వాత ఒకరు లేస్తేనే ఇంకొకరు కూర్చోవాలి. ఎప్పుడు కొత్త చానల్ వచ్చినా, ఎక్కడో ఒక పాత చానల్ శ్రోతలు అలిగిన కథ వెనకాల ఉంటుంది.

2007 ఫిబ్రవరిలో రెండు కంపెనీలూ కలుస్తామని ప్రకటించాయి. పోటీయే లేకుండా పోతుందన్న అభ్యంతరాలతో అనుమతులకు ఏడాదిన్నర పట్టింది. చివరికి 2008 జులైలో ఎఫ్‌సీసీ 3-2 ఓట్లతో సరేనంది. మూడేళ్లు ధర పెంచకూడదనీ, చానళ్లలో 4 శాతం విద్యా సంబంధమైన లాభాపేక్షలేని సంస్థలకూ, ఇంకో 4 శాతం మైనారిటీ వర్గాల వంటివాటి కోసం బయటి సంస్థలకూ ఇవ్వాలనీ షరతులు పెట్టింది. ఆ నెలాఖరుకు విలీనం పూర్తయింది. మొత్తం చందాదారులు 1 కోటి 85 లక్షలు.

కంపెనీలు కలిశాయి గానీ ఉపగ్రహాలు కలవవు, ఇళ్లల్లో ఉన్న రేడియోలు అసలే కలవవు. కలపగలిగింది పాటలను ఎంచే మనుషులను. ఒకే రకం పాటలకు రెండు స్టూడియోలు దేనికన్నది లెక్క. నవంబర్ 12న జరిగింది ఆ లెక్కే. ఇద్దరిలో ఒకరిని ఉంచి, అదే ప్రసారాన్ని రెండు ఉపగ్రహాల మీదికీ ఎక్కించారు. దశాబ్దాల చానళ్ల విషయంలో ఎక్స్‌ఎం పేర్లు గెలిచాయి, సిరియస్‌లోని ‘బిగ్ ఎయిటీస్’ పోయి ‘ఎయిటీస్ ఆన్ ఎయిట్’ వచ్చింది. రాక్‌లో చాలాచోట్ల సిరియస్ పేర్లు గెలిచాయి. వాషింగ్టన్‌లో పాత ప్రింటింగ్ ప్రెస్సు భవనంలో నడిచిన ఎక్స్‌ఎం స్టూడియోల్లో పాటల మనుషులు చాలామంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

అదే శరదృతువులో, ఇరవై ఆరు రోజుల ముందు, ఇంకో శాటిలైట్ రేడియో దివాలా పిటిషన్ వేసింది. దాని పేరు తెలుగువాళ్లు కొందరికి ఇప్పటికీ గుర్తే: వరల్డ్‌స్పేస్. ఇథియోపియాలో పుట్టిన నోవా సమారా 1990లో స్థాపించిన సంస్థ అది. ఎక్స్‌ఎంలో మొదట్లో దానికి వాటా ఉండేది, తర్వాత 2005లో ఎక్స్‌ఎమ్మే దాంట్లో డబ్బు పెట్టింది. అయితే సమారా చూపు అమెరికా వైపు కాదు. 1998లో ఆఫ్రికా కోసం ఆఫ్రిస్టార్, 2000లో ఆసియా కోసం ఏషియాస్టార్ అనే ఉపగ్రహాలను పంపించారు.

అరచేతిలో పట్టే పలక లాంటి యాంటెన్నాను తూర్పు కిటికీలో ఆకాశంలోకి ఎత్తిపెట్టాలి. అడ్డంగా కొబ్బరిచెట్టు గానీ పక్కవాళ్ల వాటర్ ట్యాంకు గానీ ఉంటే సంగతి అంతే. కుదిరిందా, హైదరాబాదులోనో విశాఖలోనో డాబా గదిలో శ్రుతి చానల్లో కర్ణాటక సంగీతం, గాంధర్వ్‌లో హిందుస్తానీ, స్పందనలో తెలుగు పాటలు రోజంతా వచ్చేవి. కన్నడానికి స్పర్శ, తమిళానికి కేఎల్ రేడియో, మలయాళానికి ఆర్‌ఎం రేడియో, హిందీకి ఝంకార్, ఫరిష్తా. ఎఫ్‌ఎం స్టేషన్లన్నీ కొత్త సినిమా పాటల వెంటపడుతున్న కాలంలో, అర్ధరాత్రి పన్నెండింటికి కూడా కీర్తన వినొచ్చన్నది చిన్న విషయం కాదు. 2006లో ఎ.ఆర్. రెహమాన్‌ను ప్రచారకర్తగా పెట్టుకున్నారు.

చందాదారులు 1,70,000కు పైచిలుకు, వారిలో 96 శాతం భారతీయులే. రెండు ఖండాలకు ప్రసారాలు అందించే ఉపగ్రహాలను పోషించడానికి ఆ సంఖ్య ఏ మూలకు? పైగా భూమ్మీద సిగ్నల్‌ను అందించే రిపీటర్లు ఇక్కడ లేవు, కాబట్టి కారులో వినే దారి లేదు. అమెరికాలో ఈ వ్యాపారాన్ని నిలబెట్టింది కారే. ఆస్తులు కొనబోయిన సంస్థ భారతదేశ చందాదారుల వ్యాపారం తనకు వద్దనుకోవడంతో 2009 డిసెంబర్ 31తో ఇక్కడ ప్రసారం ఆగిపోయింది. సిరియస్ ఎక్స్‌ఎంలో కొన్ని చానళ్లు మారాయి, వరల్డ్‌స్పేస్‌లో వరస మొత్తం ఒక్కసారే సున్నా అయింది. బెంగళూరులో అక్కడ పనిచేసిన కొందరు టింబర్ మీడియా అనే సంస్థ పెట్టుకుని రేడియో పని కొనసాగించారు.

సిరియస్ ఎక్స్‌ఎం కూడా అంచుదాకా వెళ్లింది. 2009 ఫిబ్రవరిలో లిబర్టీ మీడియా 53 కోట్ల డాలర్ల అప్పుతో ఆదుకోకపోతే అదీ దివాలా మెట్లు ఎక్కేదే. గండం గడిచాక 2011 మే 4న అంకెల శుభ్రత మొదలుపెట్టారు. అప్పటిదాకా ఫస్ట్ వేవ్ సిరియస్‌లో 22, ఎక్స్‌ఎంలో 44. ఇక రెండింట్లోనూ 33. లిథియం 24, 54 నుంచి 34కు చేరింది. కారులో బటన్లన్నీ మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది.

కొన్ని చానళ్ల పేర్లు మనవాళ్ల ఇంటిపేర్లలా ఒకదాని మీద ఒకటి చేరాయి. ఎక్స్‌ఎంలో పాత కంట్రీ పాటల చానల్ ‘హ్యాంక్స్ ప్లేస్’. గాయకుడు విల్లీ నెల్సన్ పేరు చేరి అది ‘విల్లీస్ ప్లేస్’ అయింది. సిరియస్‌లో అలాంటిదే ‘ది రోడ్‌హౌస్’ ఉండేది. కలిశాక ‘విల్లీస్ రోడ్‌హౌస్’. హ్యాంక్ ఎటు పోయాడో అడిగేవాళ్లు లేరు.

తర్వాతి కాలం పేరున్నవాళ్లది. ఎల్విస్‌కూ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌కూ సిరియస్‌లో ముందునుంచే సొంత చానళ్లు ఉన్నాయి. 2017 మే 18 ఉదయం 9 గంటల 9 నిమిషాలకు, 18వ నంబరులో బీటిల్స్ చానల్ మొదలుపెట్టారు. ఏటా క్రిస్మస్ ముందు పండగ పాటల చానళ్లు చుట్టాల్లా దిగుతాయి. ఎవరి గదో ఖాళీ చేయించి వాళ్లకిస్తారు, జనవరిలో మళ్లీ సర్దుతారు. ఆ నెలా నెలన్నర ఆ గదిలోవాళ్ల అభిమానులు చందా రద్దు చేస్తామని ఫోన్లు చేస్తారు. కొందరు నిజంగానే చేస్తారు.

దశాబ్దాల వరసకూ ఆ వంతు వచ్చింది. 2015లో గాయకుడు పిట్‌బుల్ పేరుతో కొత్త డాన్సు పాటల చానల్ కోసం 4వ నంబరు కావాల్సి వచ్చింది. నలభైలను లేపి ‘ఫోర్టీస్ జంక్షన్’ అని పేరు మార్చి డెబ్బయ్యో నంబరు దాటాక ఎక్కడో కూర్చోబెట్టారు. కొన్నేళ్లకు యాభైలూ అరవైలూ ‘గోల్డ్’ అని బిరుదు తగిలించుకుని అటే నడిచాయి. ఇప్పుడు 71లో నలభైలు, 72లో యాభైలు, 73లో అరవైలు. 7, 8, 9 మాత్రం తమ దశాబ్దాలను పట్టుకుని అక్కడే ఉన్నాయి. నలభైలను లేపిన పిట్‌బుల్‌ను కూడా 4లో ఉండనివ్వలేదు, 13కు పంపారు.

పాత ఎక్స్‌ఎం రేడియో ఉన్న కారులో నాబ్‌ను వెనక్కి తిప్పుకుంటూ పోతే ఇప్పటికీ 0 వస్తుంది. తెర మీద ఎనిమిది అక్షరాంకెలు, మధ్యలో ఐ లేదు, ఓ లేదు.