హైదరాబాద్ – తిరుపతి విమాన మార్గం: దూరము, ప్రయాణ కాలము

పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం హైదరాబాద్ (శంషాబాద్), తిరుపతి (రేణిగుంట) విమానాశ్రయాల మధ్య దూరము, ప్రయాణ కాలముల వివరాలు ఈ దిగువ పొందుపరచడమైనది.

గగనతల దూరము: రెండు విమానాశ్రయాల మధ్య సరళరేఖా దూరము సుమారు 417 కి.మీ., అనగా 225 నాటికల్ మైళ్లు. శంషాబాద్ 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, రేణిగుంట 13.63 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.54 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద కలవు. అనగా రేణిగుంట దక్షిణంగా సుమారు 400 కి.మీ., తూర్పుగా సుమారు 120 కి.మీ. దూరాన ఉన్నది. విమానం వాస్తవంగా ప్రయాణించే దూరము నిర్దేశిత వాయుమార్గాలనుబట్టి, రన్‌వేను సమీపించే దిశనుబట్టి దీనికంటే కొంత అధికంగా ఉంటుంది.

పాత రికార్డులు: 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభం కావడానికి పూర్వం ప్రయాణికుల విమానాలు బేగంపేట నుండి నడిచేవి. అక్కడి నుండి రేణిగుంటకు దూరము సుమారు 438 కి.మీ. కావున 2008కి ముందటి పత్రాలలోని దూరాలను యథాతథంగా స్వీకరించరాదు. 2014 జూన్ 2 వరకు ఒకే రాష్ట్రంలో ఉన్న ఈ మార్గం అటు పిమ్మట అంతర్రాష్ట్ర మార్గమైనది.

ప్రయాణ కాలము: గంటకు సుమారు 830 కి.మీ. వేగంతో పయనించే జెట్ విమానానికి ఈ దూరము 30 నిమిషాలు, సుమారు 500 కి.మీ. వేగంగల ఏటీఆర్ విమానానికి 50 నిమిషాలుగా లెక్కకు వస్తుంది. అయితే సంస్థలు ప్రకటించే కాలము విమానం నిలుపుదల స్థానం నుండి కదిలినది మొదలు గమ్యస్థానంలో నిలిచే వరకు లెక్కించబడుతుంది. పైకి లేచే, దిగే సమయాలు కూడా ఇందులో చేరును. కావున ప్రయాణ కాలము సుమారు 1 గంట నుండి 1 గంట 20 నిమిషాలుగా పేర్కొనడం సమంజసం. దేశీయ ప్రయాణాలకు సంస్థలు సాధారణంగా బయలుదేరే సమయానికి 60 నిమిషాల ముందు చెక్-ఇన్ కౌంటర్లను మూసివేస్తాయి. రేణిగుంట నుండి తిరుపతికి సుమారు 15 కి.మీ. రోడ్డు ప్రయాణం, తిరుమలకు ఆపై ఘాట్ రోడ్డు ప్రయాణం అదనం. దర్శన సమయం నిర్ణయమైన యాత్రికులు, అధికారిక పర్యటనల ఏర్పాట్లు చూచేవారు వీటన్నింటినీ కలిపి లెక్కించుకొనవలెను.

ఇతర మార్గాలు: రోడ్డు మార్గాన దూరము 550 కి.మీ.కు పైగా ఉండును. 2023 ఏప్రిల్ 8న ప్రారంభమైన సికింద్రాబాద్ – తిరుపతి వందే భారత్ రైలు మార్గం సుమారు 660 కి.మీ.

దూరము – ఛార్జీ: ఈ అంకెలు ఛార్జీలపై ప్రత్యక్ష ప్రభావం చూపిన సందర్భాలు కలవు. 2020 మే 25న దేశీయ విమానాలు పునఃప్రారంభమైనపుడు కేంద్ర ప్రభుత్వం మార్గాలను ప్రయాణ కాలాన్నిబట్టి 7 శ్రేణులుగా విభజించి కనిష్ఠ, గరిష్ఠ ఛార్జీలు నిర్ణయించినది. ఈ పరిమితులు 2022 ఆగస్టు 31న తొలగినవి. 2025 డిసెంబరులో విమానాల రద్దు కారణంగా ఛార్జీలు పెరిగినపుడు దూరాన్నిబట్టి తాత్కాలిక గరిష్ఠ పరిమితి విధించినది. పన్నులు, విమానాశ్రయ రుసుములు మినహా 500 కి.మీ. వరకు రూ.7,500, ఆపై 1,000 కి.మీ. వరకు రూ.12,000. గగనతల దూరము ప్రకారం ఈ మార్గం అప్పట్లో మొదటి శ్రేణికి చెందినది. రోడ్డు దూరాన్ని లెక్కించి ఉంటే పొరపాటున రెండవ శ్రేణికి మారి, రూ.4,500 వ్యత్యాసం ఏర్పడేది.

కావున వార్తలలోను, నివేదికలలోను దూరాన్ని పేర్కొనేటప్పుడు అది గగనతల దూరమో, రోడ్డు దూరమో, రైలు దూరమో విధిగా తెలుపవలెను.