మెంకిస్ వ్యాధి

మెంకిస్ వ్యాధి పుట్టుకతో వచ్చే రాగి లోపం. తిండిలో రాగి లేక కాదు, పేగు గోడ దాకా చేరిన రాగి అక్కడి నుంచి రక్తంలోకి దాటలేక వస్తుంది. దాటించే ప్రోటీన్‌ను తయారుచేసే ఏటీపీ7ఏ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కనుక రోగులు దాదాపు అందరూ మగపిల్లలే. రాగి చెంబులో నీళ్లు తాగించినా, నెల్లూరు తీరంలో దండిగా దొరికే రొయ్యలు తినిపించినా ఆ రాగి పేగు గోడలోనే చిక్కుకుపోతుంది.

1962లో న్యూయార్క్‌లో జాన్ మెంకిస్ ఒకే కుటుంబంలోని అయిదుగురు మగపిల్లల్లో దీన్ని గుర్తించాడు. కారణం మాత్రం పదేళ్లు తెలియలేదు. ఆధారం గొర్రెల దగ్గర దొరికింది. రాగి తక్కువైన నేలల్లో మేసే గొర్రెల ఉన్ని వంకీలు పోయి తీగలా తయారవుతుందని ఆస్ట్రేలియాలో తెలుసు. 1972లో మెల్‌బోర్న్ వైద్యుడు డేవిడ్ డాంక్స్‌కు ఈ పిల్లల జుట్టు చూడగానే ఆ ఉన్నే గుర్తొచ్చింది. నెల్లూరు కాపరికి ఈ పోలిక తట్టే వీలే లేదు. పల్ల, జోడిపి, దొర, ఏ రకమైనా నెల్లూరు గొర్రెకు ఒంటినిండా వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు.

ఆ జుట్టు పలచగా, బూడిద రంగులో, గరుకుగా ఉంటుంది. వేళ్లతో నిమిరితే తెగిపోతుంది. సూక్ష్మదర్శినిలో ఒక్కో వెంట్రుక పేనిన తాడులా మెలికలు తిరిగి కనబడుతుంది. పుట్టువెంట్రుకలు తీయించేదాకా కత్తెర తగలనివ్వని ఇళ్లలో అమ్మమ్మలు, నానమ్మలే ఈ తేడాను ముందు పసిగట్టగలరు. అయితే పుట్టినప్పుడు జుట్టు మామూలుగానే ఉండవచ్చు. రెండు మూడు నెలలకు ఫిట్స్ మొదలై, మెడ నిలవక, బిడ్డ నవ్వడం మానేసేసరికి మెదడుకు దెబ్బ తగిలే ఉంటుంది. వైద్యం అందకపోతే ఎక్కువమంది మూడేళ్లు దాటరు.

మందు కాపర్ హిస్టిడిన్. పేగును తప్పించి చర్మం కింద సూదితో ఇస్తారు. అమెరికా ప్రయోగాల్లో ఏడాది నిండేదాకా రోజుకు రెండుసార్లు 250 మైక్రోగ్రాముల చొప్పున, తర్వాత రోజుకు ఒకసారి ఇచ్చారు. పుట్టిన 28 రోజుల లోపు మొదలుపెడితే ఆయుష్షు పెరుగుతుంది. జన్యువు కొంతైనా పనిచేసే పిల్లలు నడిచారు, మాట్లాడారు కూడా. ఆలస్యమైతే పోయిన ఎదుగుదల తిరిగి రాదు.

చిక్కేమిటంటే, ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు కూడా తొలి వారాల్లో రక్తంలో రాగి తక్కువే. అందుకని రక్తంలో రాగిని కొలిచే పరీక్షను నమ్ముకోకూడదు, జన్యు పరీక్ష కావాలి. హైదరాబాద్ ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ జన్యువ్యాధుల నిర్ధారణకు పేరున్న సంస్థ.

సూదితోనే సంరక్షణ అయిపోదు. మింగలేని బిడ్డకు గొట్టం ద్వారా పాలు పట్టాలి. మూత్రాశయం గోడ సంచుల్లా ఉబ్బి ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. ఎముకలు పెళుసై విరిగితే బిడ్డను కొట్టారేమోనని తల్లిదండ్రుల మీద అనుమానం పడిన సందర్భాలు ఉన్నాయి. ఆ నింద మోయాల్సిన తప్పు వాళ్లు చేయలేదు.

మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. జన్యు లోపం తల్లి నుంచి రావచ్చు, మూడోవంతు కేసుల్లో బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. తల్లిలో ఉంటే ప్రతి మగబిడ్డకూ సగం అవకాశం. ఆమె అక్కచెల్లెళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. లోపం ఏదో ముందే తెలిస్తే తర్వాతి కాన్పులో మూడో నెలలోనే మాయ నుంచి నమూనా తీసి చూడవచ్చు.