సియోల్ గదిలో సత్తు గిన్నె

బూట్లు గుమ్మంలోనే విప్పేయండి. ఇక్కడా ఇంట్లోకి చెప్పులతో రారు. బయట మైనస్ పదకొండు. గ్వానక్ కొండ మీంచి దిగే గాలికి చెవులు మొద్దుబారిపోయాయి కదూ? లోపల అడుగు పెట్టగానే అరికాళ్లకు వెచ్చగా తగులుతుంది చూడండి. నేల కింద వేణ్ణీళ్ల గొట్టాలున్నాయి. అందుకే చలికాలంలో ఈ ఊరివాళ్లు కుర్చీలు వదిలేసి నేల మీదికి చేరతారు.

ఇది సియోల్‌లో సిల్లిమ్ అనే పేట. నేషనల్ యూనివర్సిటీకి దగ్గర. కొండవాలు పొడుగునా ఒంటిగది ఇళ్లే. చదువుకునే పిల్లలు, ఉద్యోగ పరీక్షలకు తయారయ్యేవాళ్లు ఎక్కువగా ఉంటారు. మా అక్క కొడుకు ఇక్కడ పరిశోధన చేస్తున్నాడు. అతనితో గది పంచుకున్న కుర్రాడిది జన్‌జు ఊరు. వంటగది అంటే ఒక గట్టు, రెండు పొయ్యిల స్టవ్వు, కింద బట్టలుతికే మెషిన్. మేం ముగ్గురం నిలబడితేనే నిండిపోయింది. మీరు కిటికీ పక్కన సర్దుకోండి, అక్కణ్ణుంచి గిన్నె బాగా కనిపిస్తుంది.

రాత్రి పదిన్నర దాటింది.

"పిన్నీ, ఆకలేస్తోందా? రామ్యన్ చెయ్యమంటావా?"

రామ్యన్ అంటే ఇక్కడి ప్యాకెట్ నూడుల్స్. నేను సరేననేలోపే జన్‌జు కుర్రాడు లేచాడు. మావాణ్ణి భుజం పట్టి కూర్చోబెట్టి ఏదో అన్నాడు. ఏమన్నాడ్రా అని అడిగాను. "నీళ్లు నువ్వు ఉజ్జాయింపుగా పోస్తావు, అమ్మమ్మ వయసు పెద్దవాళ్లకి అలా పెట్టకూడదు అంటున్నాడు పిన్నీ." నాకు అంత వయసు లేదు గానీ, నీళ్ల గురించి ఆ అబ్బాయి పట్టుదల నాకు నచ్చింది. ఈ వంటలో సగం అదే.

గిన్నె చూడండి. పసుపు రంగు పూత వేసిన పల్చటి సత్తు గిన్నె, రెండు చెవులు, ఒక మూత. కొరియా సినిమాల్లో మీరు చూసేది ఇదే. పల్చగా ఉంటుంది కాబట్టి నీళ్లు తొందరగా తెర్లుతాయి, మంట తగ్గిస్తే తొందరగా నెమ్మదిస్తాయి. పూత గీతలు పడి ఊడితే మాత్రం పారేయాల్సిందే. ఈ గిన్నె కొత్తది, పూత నిగనిగలాడుతోంది.

అతను కొలగ్లాసు వాడటం లేదు. కాఫీ తాగే చిన్న కాగితం కప్పుతో మూడు కప్పుల నిండా పోసి, ఇంకొక్క గుక్కెడు చేర్చాడు. ప్యాకెట్ మీద 550 మిల్లీలీటర్లని రాసి ఉంటుంది, ఈ లెక్క దానికి సరిపోతుంది. మనవాళ్లు ఇక్కడే తప్పుతారు. ప్యాకెట్ చించి, కంటికి తోచినన్ని నీళ్లు పోసి, చప్పబడితే ఇంకాస్త కారం చల్లుతారు. అప్పుడది వేరే తిండి. చారుకి నీళ్లు ఎక్కువైతే ఇంకో రెమ్మ చింతపండు పిండుకోవచ్చు. ఇక్కడ పొడి అంతా ఒక్క సంచిలో కొలిచి ఇచ్చేశారు, సర్దడానికి చేతిలో ఇంకేమీ మిగలదు.

ఎర్రటి ప్యాకెట్, దాని మీద నల్లటి పెద్ద అక్షరం. షిన్ రామ్యన్. నొంగ్‌షిమ్ కంపెనీ దీన్ని 1986లో తెచ్చింది. పక్క అరలో నియోగురి, చాపగెట్టి కూడా ఉన్నాయి. 2019లో వచ్చిన 'పారసైట్' సినిమాలో ఇంటావిడ ఆదరాబాదరాగా చేయించుకునే నూడుల్స్ ఆ రెండూ కలిపి వండినవే. అందులో ఖరీదైన గొడ్డుమాంసం ముక్కలు వేయించింది. ఈ గదిలో అంత ఆర్భాటం లేదు. ఒక గుడ్డు, ఒక ఉల్లికాడ. ఇక్కడి ఉల్లికాడలు బొటనవేలంత లావున, మోచేతంత పొడుగున ఉంటాయి. కత్తెరతో టకటకా కత్తిరించి పక్కన పెట్టాడు. కత్తెర వాళ్లకి వంటింటి పనిముట్టే.

నీళ్లు తెర్లాయి. ముందు ఎండు కూరముక్కల సంచి, వెంటనే ఎర్ర పొడి. ముఖం కాస్త వెనక్కి తీసుకోండి. పొడి నీళ్లలో పడ్డ క్షణం ఆవిరి ముక్కుకెక్కుతుంది. మావాడికి పొరపోయింది, దగ్గుతూ కిటికీ తీశాడు. మంచు గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి ఆవిరిని గోడకి కొట్టింది. ఇప్పుడు వాసన పీల్చండి. వెల్లుల్లి, మిరియం, ఎండు పుట్టగొడుగు, అడుగున మాంసం పులుసు, వాటన్నిటి మీదా మిరప. గుంటూరు యార్డు పక్కనుంచి బస్సులో పోయేటప్పుడు గొంతు పట్టేసే ఘాటు ఇది కాదు. మన తేజ రకం మిర్చి సూటిగా మంట పెడుతుంది. కొరియావాళ్లు వంటకి ఎక్కువగా వాడే మిరప కండగా, కొంచెం తియ్యగా ఉంటుంది, గింజలు తీసేసి పొడి చేస్తారు. రంగెక్కువ, మంట తక్కువ. మంట కావలసినప్పుడు చంగ్యాంగ్ అనే సన్నటి పచ్చిమిర్చి వేసుకుంటారు. రెండు దేశాలకీ మిరప సముద్రం దాటి వచ్చిందే. అమెరికా ఖండంలో పుట్టిన కాయ పోర్చుగీసు వర్తకుల ఓడల్లో ఆసియాకి చేరి, ఇక్కడ కిమ్చీలోనూ అక్కడ ఊరగాయలోనూ ఇల్లు కట్టుకుంది.

పొడి ముందా, నూడుల్స్ ముందా అని ఈ దేశంలో ఇంటింటా వాదన. పొడి ముందు వేస్తే నీళ్లు ఇంకా ఎక్కువ వేడిలో మరుగుతాయని ఒక వర్గం. ఉప్పు కలిస్తే మరిగే వేడి పెరిగే మాట నిజమే గానీ, ఇంత ఉప్పుకి అది డిగ్రీలో చిన్న ముక్క మాత్రమే. నూడుల్స్‌కి అది తెలిసేంత తేడా కాదు. ముందు పొడి వేస్తే రంగు, వాసన బాగా దిగుతాయి. అంతవరకు నేను ఒప్పుకుంటాను.

ఇదిగో, నూడుల్స్ పడ్డాయి. గుండ్రటి బిళ్ల గిన్నెలో సరిగ్గా పట్టింది, విరవాల్సిన పని లేదు. ఈ వంకీలు ఉత్త అందానికి కాదు. ఆవిరి మీద ఉడికించి, అచ్చులో పెట్టి నూనెలో వేయిస్తారు. ఆ వేడికి లోపలి తడి ఆవిరై ఎగిరిపోతూ సన్నసన్నటి రంధ్రాలు వదులుతుంది. ఇప్పుడు నీళ్లు ఆ దారుల్లోంచే లోపలికి పోతున్నాయి. ఈ పద్ధతిని మొమొఫుకు ఆందో 1958లో జపాన్‌లో బజారుకి తెచ్చాడు.

నాలుగున్నర నిమిషాలు. కుర్రాడు ఫోన్‌లో గంట పెట్టాడు. చేతులు మాత్రం ఊరుకోవడం లేదు. చాప్‌స్టిక్‌లతో నూడుల్స్‌ని జానెడు ఎత్తి గాలిలో ఆరనిచ్చి మళ్లీ ముంచుతున్నాడు. ఎత్తడం, ముంచడం. ఇలా చేస్తే నూడుల్స్ మెత్తబడిపోకుండా పంటికి తగులుతాయని అతని నమ్మకం, ఇక్కడ చాలామంది నమ్మకం కూడా. మూడు నిమిషాలు దాటాక గుడ్డు కొట్టి ఒక పక్కగా జార్చాడు. కలపలేదు. మావాడు గరిటె పట్టుకుని ముందుకొచ్చాడు, వెనక్కి నెట్టేశాడు. గుడ్డు కలిపితే పులుసు మబ్బుపట్టి మంట మొద్దుబారుతుంది. నాకూ కలపనిదే ఇష్టం. పచ్చసొన చివర్లో, అన్నంతో తినాలి.

గంట మోగింది. ఉల్లికాడ చల్లి, స్టవ్వు కట్టేసి, గిన్నెని అలాగే తెచ్చి నేల మీది చిన్న బల్ల మీద పెట్టాడు. కింద పాత నోటుపుస్తకం.

"తినండి పిన్నీ, చల్లారకూడదు." ఈ మాట కుర్రాడే, మావాడి దగ్గర నేర్చుకున్న తెలుగులో అన్నాడు.

మూత తీసి చేతికిచ్చాడు. మూతే పళ్లెం. నాలుగు పోగులు మూతలోకి తీసుకుని, ఊది, చప్పుడు చేస్తూ పీల్చండి. మొహమాటపడకండి. నోటిలోకి గాలి కూడా పోతే నూడుల్స్ చల్లారతాయి, వాసన ముక్కు వెనక నుంచి అందుతుంది. స్టీలు చాప్‌స్టిక్‌లు బల్లపరుపుగా ఉండి జారుతాయి, గిన్నెకి నోరు దగ్గర పెట్టుకోండి.

మొదటి గుటక మామూలుగానే ఉంటుంది. రెండోదానికి కిందిపెదవి చివర చిన్నగా రాజుకుంటుంది. నాలుగోదానికి ముక్కు కారడం మొదలు. మన నాలుకకి ఈ కారం ఎంత, అనుకుంటాం. అయినా చెమట పడుతోంది చూశారా? కారంలోని కాప్సైసిన్ నాలుక మీద తాకే గ్రాహకం, కాలే వేడిని పసిగట్టే గ్రాహకం ఒక్కటే. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పొగలు కక్కే పులుసులో మిరప కలిసినప్పుడు ఒకే తలుపుని ఇద్దరు తడుతున్నారు. ఇదే పులుసు చల్లారాక తాగి చూడండి, సగం కారం ఎటో పోతుంది. జన్‌జు నుంచి వాళ్లమ్మ పంపిన కిమ్చీ ఒక ముక్క కొరకండి. బాగా పులిసింది, చల్లగా కరకరలాడుతోంది. మళ్లీ నూడుల్స్.

ఇంత తృప్తి ఇచ్చే ఈ తిండి ఆకలిలోంచి పుట్టింది. కొరియా యుద్ధం అయిపోయి పదేళ్లయినా సియోల్‌లో బియ్యానికి కటకటే. నామ్‌దెమున్ బజారులో జనం వరసలో నిలబడి, అమెరికా సైనిక శిబిరాల వంటశాలల్లో మిగిలిన ఎంగిలి కలిపి ఉడికించిన గంజిని 5 వాన్‌లకి ఒక గిన్నె కొనుక్కునేవారు. జన్ జుంగ్‌యున్ అనే వ్యాపారి ఆ వరసని చూశాడు. జపాన్ వెళ్లి మ్యోజో కంపెనీ దగ్గర పని నేర్చుకుని యంత్రాలు తెచ్చాడు. ఆయన పెట్టిన సామ్‌యాంగ్ కంపెనీ 1963 సెప్టెంబర్ 15న కొరియా మొదటి రామ్యన్ అమ్మింది. వంద గ్రాముల ప్యాకెట్ 10 వాన్‌లు. పులుసు కోడిమాంసం రుచితో చప్పగా ఉండేది, కారం తర్వాత చేరింది. బియ్యం తగ్గించి గోధుమపిండితో చేసినవి తినమని ప్రభుత్వమూ ప్రచారం చేసింది. ఆ పిండిలో చాలా భాగం అమెరికా సహాయంగా వచ్చిన గోధుమే. పీఎల్ 480 అనే అదే సహాయ పథకం కింద అవే రోజుల్లో మన దేశానికీ గోధుమల ఓడలు వచ్చాయి. బడిలో అమెరికా రవ్వ ఉప్మా తిన్న మన పెద్దవాళ్లకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు.

నూడుల్స్ అయిపోయాయి, పులుసు మిగిలింది. ఇప్పుడు అసలు ముద్ద. పొద్దుటి అన్నం ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే అందులో వేశాడు. వేడన్నం వేస్తే చిమిడిపోతుందట. చల్లన్నం మెతుకు విడిగా ఉండి పులుసుని పీలుస్తుంది. పచ్చసొన ఇప్పుడు చిదమండి. ఒక చెంచా నోట్లో పెట్టుకోండి. అన్నం తినే జాతులం మనమూ వాళ్లూనూ. ఈ చెంచా దగ్గర నాకు పరాయి దేశంలో ఉన్నట్టు అనిపించలేదు.

మావాడికి ఇది చాలలేదు. నల్ల ప్యాకెట్ తీశాడు. బుల్దక్. 2012లో అదే సామ్‌యాంగ్ నుంచి వచ్చింది, ఆ ఇంటి కోడలు కిమ్ జుంగ్‌సూ ఆలోచన. కారపు వంటకాల హోటల్ ముందు కుర్రకారు బారులు తీరి ఉండటం చూసి మొదలుపెట్టిందట. దీని వండకం వేరు. 600 మిల్లీలీటర్ల నీళ్లలో 5 నిమిషాలు ఉడికించి, ఎనిమిది చెంచాల నీళ్లు మాత్రం ఉంచి మిగతావి వంచేయాలి. చిక్కగా ఉండే సాస్ పోసి పెద్ద మంట మీద అర నిమిషం వేయించాలి. చివర్లో నువ్వులు, సముద్రపు నాచు తునకలు. ఒక పోగు రుచి చూడండి, ఒక్కటే. ముందు తీపి. అది పోయేలోపు పెదవులు, చిగుళ్లు, చెవుల వెనక. దీని కారం 4,404 స్కోవిల్ అని లెక్క. ఇంతకు రెండింతలు, మూడింతల రకాలూ ఉన్నాయి. 2024 జూన్‌లో డెన్మార్క్ ప్రభుత్వం మూడు రకాలని కొట్ల నుంచి తీయించింది, నెల తిరిగేసరికి రెంటిని మళ్లీ రానిచ్చింది. నీళ్లు తాగకండి, కాప్సైసిన్ నీళ్లలో కరగదు. మావాడు పాల డబ్బా తెచ్చాడు. పాలు ఆ మంటని పట్టి కిందికి దింపుతాయి.

నా తీర్పు చెబుతాను. పందెం వేసుకుని తినేదానికన్నా పులుసున్నదే మేలు. బుల్దక్‌లో కారం నోటిని ఆక్రమించుకుని వేరే రుచిని దగ్గరికి రానివ్వదు. షిన్‌లో కారం, పులుసుని గొంతు దాకా చెయ్యి పట్టి తీసుకెళ్తుంది. పిల్లలకీ, కడుపులో పుండు ఉన్నవాళ్లకీ బుల్దక్ పెట్టకండి. శాకాహారులు ప్యాకెట్ వెనక చదవందే కొనకండి. కొరియాలో అమ్మే మామూలు షిన్ రామ్యన్ పొడిలో గొడ్డుమాంసం సారం ఉంటుంది.

ఇంకొక్క మాట. గిన్నెలో అడుగున మిగిలిన పులుసుని ఎత్తి తాగేయాలని ఉంటుంది. వద్దు. ఒక షిన్ ప్యాకెట్‌లో సుమారు 1,790 మిల్లీగ్రాముల సోడియం ఉంది. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 2,000. వండుకోండి, నీళ్లు కొలిచి వండుకోండి, ఇష్టంగా తినండి. ఆ రోజుకి మాత్రం ఆవకాయ జాడీ మూత తియ్యకండి.