ముప్పయి కంపెనీల అద్దం

సాహిత్యం సమాజానికి అద్దమని మనం తరచు అంటూ వుంటాం. ఆ అద్దం ఎవరి చేతిలో వుంది, అందులో ఎవరి ముఖం కనిపిస్తోంది అని అడగడం అభ్యుదయ విమర్శ మనకు నేర్పిన పాఠం. ఆ ప్రశ్న స్టాక్ మార్కెట్ సూచీని కూడా అడగాలని నాకు 2021 జనవరిలో తోచింది. ఆ నెల 21న బొంబాయి సెన్సెక్స్ మొదటిసారి 50 వేలు దాటింది. దేశం కోలుకున్నదనడానికి అంతకన్నా రుజువేం కావాలన్నాడొక మిత్రుడు. అప్పటికి నాకు తెలిసిన ప్రైవేటు బడి పంతుళ్ళు కొందరు జీతాల్లేక నెలల తరబడి కూలి పనులకు పోతున్నారు.

బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి 1875లో ఏర్పడింది. సెన్సెక్స్ పుట్టింది 1986లో. 1978-79 నాటి విలువను 100గా తీసుకుని, ముప్పయి పెద్ద కంపెనీల వాటాల విలువ దానిమీద ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో చెప్పే అంకె అది. వాటా ధరలో నిన్నటి ఉత్పత్తి కన్నా రేపటి లాభం మీది ఆశ పాలే ఎక్కువ. ఆ ఆశ నిజమైనంత మేరకు సూచీ ఆర్థిక వ్యవస్థను ప్రతిబింబిస్తుంది. దీర్ఘకాలంలో పరిశ్రమల ఎదుగుదల అందులో కనబడుతుందనడం అబద్ధం కాదు.

కాని 1991-92ను చూడండి. విదేశీ మారకద్రవ్యం అడుగంటి దేశం బంగారాన్ని కుదువపెట్టిన యేడు అది. జాతీయోత్పత్తి పెరుగుదల ఒకటిన్నర శాతం దాటలేదు. 1991 మార్చి ఆఖరున 1,200 లోపున్న సెన్సెక్స్ మాత్రం 1992 మార్చి ఆఖరుకు 4,200 దాటింది. సరళీకరణ మీద పెట్టుబడిదారుల ఆశ కొంత, హర్షద్ మెహతా బ్యాంకుల నుంచి మళ్ళించిన సొమ్ము కొంత దాన్ని పైకి లేపాయి. ఏప్రిల్‌లో కుంభకోణం బయటపడింది, సూచీ కూలింది.

2009 జనవరిలో హైదరాబాదు సత్యం కంపెనీ లెక్కలు కల్లలని దాని అధిపతే ఒప్పుకున్నాడు. కొద్ది రోజుల్లోనే ఆ పేరు ముప్పయింటి జాబితాలోంచి తీసి మరో కంపెనీని చేర్చారు. సూచీ పద్ధతి ప్రకారం అది సబబే. అయితే రాజుల వంశావళిలాగే ఇందులోనూ సింహాసనం మీదున్నవాళ్ళ పేర్లే మిగులుతాయి.

2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,900 పాయింట్లకు పైగా పడి 26 వేల దిగువకు చేరింది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు జాతీయోత్పత్తి, తొలి అంచనా ప్రకారం, ముందు యేడు అదే కాలం కన్నా 23.9 శాతం కుంగింది. వలస కూలీలు వందల మైళ్ళు నడిచిన నెలలవి. సూచీ తిరిగి పైకెక్కడం మొదలుపెట్టినదీ ఆ నెలల్లోనే. వడ్డీ రేట్లు తగ్గాయి, విదేశీ మదుపు తరలివచ్చింది, మూతపడ్డ చిన్న వ్యాపారాల బేరం పెద్ద కంపెనీలకు దక్కుతుందన్న ఆశ పెరిగింది. ఆ మూడు నెలల్లో ఉత్పత్తి పెరిగిన రంగం వ్యవసాయం ఒక్కటే, 3.4 శాతం. దేశంలో పనిచేసేవారిలో నూటికి దాదాపు 45 మంది బతుకు దానిమీదే. ఆ రైతుకూ, ఆ కూలీకీ ముప్పయిలో చోటు లేదు.

సూచీ తనకు కనబడేవాళ్ళ సంగతి చెబుతుంది. దాన్నే దేశం సంగతిగా చదివి వినిపించేవాళ్ళను నిలదీయడం రచయితల పని. నా మిత్రుణ్ణి ఆనాడు నేనొకటే అడిగాను: కూలికి పోతున్న ఆ పంతులు నీ 50 వేలలో ఎక్కడున్నాడు?