వసనాభి శుద్ధి

హిమాలయ ప్రాంతములందు దొరకు వసనాభి వేరు ఘోరవిషము. నోటిని తిమ్మిరెక్కించి, గుండె నడకను తప్పించి, ప్రాణము తీయును. అట్టి వేరునే మన వైద్యులు శుద్ధిచేసి జ్వరాదులకు వాడిరి. మనమెఱిగిన ఆనందభైరవి మాత్రలో నిదియు నొక పాలు. మూడుదినములు గోమూత్రమున నానవేయుట యొక పద్ధతి. గుడ్డలో మూటగట్టి, దోలాయంత్రమున వ్రేలాడదీసి, ఆవుపాలలో నుడికించుట మఱియొకటి.

ఈ శుద్ధి వట్టి యాచారమా? 1833లో గైగరు, హెస్సె యను జర్మను రసాయనజ్ఞులు ఐరోపాలోని నాభిజాతి వేరునుండి అకొనైటిను అను విషసారమును వేఱుచేసిరి. నానినపుడు కొంత విషము ద్రవములోనికి దిగును. చాలసేపు ఉడికినపుడు అకొనైటిను క్రమముగా విఱిగి, బెంజాయిల్ అకొనైనుగాను, తుదకు అకొనైనుగాను మాఱునని తరువాతి శోధనలవలన తెలిసినది. ఒక్కొక్క మెట్టునను విషశక్తి మిక్కిలి తగ్గును. చీనా వైద్యులును ఈ జాతి వేరును నానబెట్టి, ఉడికించియే వాడుదురు.

కావున పూర్వుల పద్ధతిని మూఢత్వమని త్రోసివేయుట తగదు. అట్లని, శుద్ధి యను పేరు విన్నంతనే నమ్మి మ్రింగుటయు తగదు. ఉడికిన కాలము చాలనిచో విషము వేరులోనే నిలుచును. అది కంటికి కనబడదు. ఆచారము మాత్రమే తెలిసినవాడు తొందరలో కాలమును కుదించును, కారణమెఱిగినవాడు కుదింపడు. ఇది యింటిపొయ్యిమీద చేయదగిన పని కాదనియు, పరీక్షకు నిలిచిన మందునే గృహస్థులు కోరవలెననియు మేము తలంచుచున్నాము.