పాత విమానములకు కొత్త ఇంజనులు

మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానములలో పెక్కింటికి ఒక వింత ఇంజను ఉండెడిది. మనమెరిగిన మోటారుబండిలో సిలిండర్లు కదలక నిలువగా ఇరుసు తిరుగును. ఆ విమానములలో ఇరుసును చట్రమునకు బిగించి, సిలిండర్లనే పంకాతో కూడ గిరగిర తిరుగనిచ్చిరి. తిరుగుటచేతనే అవి గాలికి చల్లబడును. నీరు మోయు బరువు తప్పును. ఫ్రాన్సున సెగ్విన్ సోదరులు 1908 ప్రాంతమున రూపొందించిన, ఏడు సిలిండర్ల, 50 అశ్వశక్తిగల 'నోమ్' ఇంజను ఈ జాతికి పేరు తెచ్చెను.

ఈ శతాబ్దమున న్యూజిలాండులోని ఒమాకాలో తొమ్మిది సిలిండర్ల, 100 అశ్వశక్తిగల నోమ్ ఇంజనులను మరల కొత్తగా నిర్మించిరి. ప్రదర్శనశాలలలో మిగిలిన పాతవానిని ఎగురవేసినచో అరిగిపోవును. ఎగురవేయనిచో అవి పనిచేయు తీరు మనకు తెలియకపోవును. ఈ ప్రయాసకు కారణమిదియే.

కొలతలు తీసికొని అట్లే చేసిన సరిపోదా యని తోచవచ్చును. తొలి నోమ్ సిలిండరును నికెలు ఉక్కుముద్దనుండి తొలిచెడివారు. పని ముగియునప్పటికి గోడ మందము 1.5 మిల్లీమీటరు మాత్రమే. ముద్దలో అధికభాగము రజనై రాలును. తిరుగునపుడు ముందుప్రక్క చల్లగాను, వెనుకప్రక్క వేడిగాను ఉండుటచే అంత పలుచని గోడ గుండ్రదనము చెడును. గట్టి ఇనుపవలయము ఆ వంకరకు ఇమడదు. అందువలన పిస్టనుకు పలుచని ఇత్తడివలయము తొడిగిరి. పటములు దాని కొలతను చెప్పును. దానిని అమర్చు నేర్పు ఆనాటి పనివాని వ్రేళ్ళలో ఉండెను.

కందెన సంగతియు ఇట్టిదే. పెట్రోలు మిశ్రమము ఇరుసుపెట్టెగుండ సిలిండర్లకు పోవును. అది సామాన్యపు కందెన నూనెలను కరగించి వేయును. ఆముదము పెట్రోలులో అంతగా కరగదు. మన ఇండ్లలో అందరెరిగిన ఆ ఆముదమునే అందు పోసెడివారు. అది తిరిగి రాక బయటికి చిమ్మిపోయెడిది.

అసలు చిక్కు ఇక్కడ నున్నది. నేటి మేలైన ఉక్కుతో పాతలోపములను సవరింపవచ్చును. కాని అన్నియు సవరించినచో అది ఆ ఇంజను కాదు. ఏమియు సవరింపనిచో నడుపువాని ప్రాణమునకు ముప్పు. ప్రాణరక్షణకై లోహమును మార్చుట తప్పుకాదనియు, ఇంజను తిరుగు తీరును మాత్రము మార్చరాదనియు మా అభిప్రాయము.

వస్తువు మిగిలినంతమాత్రమున విద్య మిగిలినట్లు కాదు. చేయువాడు మన నడుమ ఉండగనే అడిగి, చూచి, వ్రాసికొనుట మేలు. లేనిచో నూరేండ్ల పిమ్మట, ఆ పనివాడు పూటలో నేర్పగలిగిన దానికై, ఏండ్ల తరబడి ఉక్కును తొలిచి చూడవలసి వచ్చును.