పేరు చెప్పి పట్టుకెళ్ళండి

ధనుర్మాసంలో ఎదురింటివారి వాకిట్లో మంచి ముగ్గు కనిపిస్తే చుక్కలు లెక్కపెట్టుకుని వస్తాం. మర్నాడు మన వాకిట్లో వేసేస్తాం. తగువుకి రావడం మాట అటుంచి, మొదట వేసినావిడ మురిసిపోతుంది కూడా.

కథల సంగతి అలా కాదు. రాసినవారికి హక్కు ఉంటుంది. మన దేశంలో అది రచయిత పోయిన తరువాత కూడా 60 ఏళ్ళు ఉంటుంది. గురజాడవారు 1915లో పోయారు కనుక ‘కన్యాశుల్కం’ ఇవాళ ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. నాబోటిదాని కథ కావాలంటే మాత్రం నన్ను అడగాల్సిందే.

అడగడం అందరికీ కుదురుతుందా, చెప్పండి? నా కథ ఒకటి ఎవరో పేరు తీసేసి అచ్చు వేసుకున్నారు. అదే కథని పిల్లలచేత నాటకంగా వేయించాలని ఒక టీచరమ్మ అనుమతి కోసం నా చిరునామా వెతికి వెతికి మానుకుందట. దొంగకి అడ్డు లేదు, మర్యాదస్తురాలికే అడ్డు! ఈ చిక్కుకి ఒక దారి దొరికింది. దాని వెనక కథ తమాషాగా ఉంటుంది.

అమెరికాలో, న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఎరిక్ ఎల్డ్రెడ్ అని ఒకాయన. కంప్యూటర్ ఉద్యోగం చేసి విరమించినవాడు. కూతుళ్ళకి హాథార్న్ నవలలంటే ఇష్టం కలగడంలేదని 1995లో ‘ది స్కార్లెట్ లెటర్’ని బొమ్మలతో, వివరణలతో ఇంటర్నెట్‌లో పెట్టాడు. అయినా కూతుళ్ళకి నచ్చలేదట! తండ్రి మాత్రం ఊరుకోలేదు. హక్కులు తీరిన పుస్తకాలు ఒక్కొక్కటే పెడుతూ పోయాడు.

రాబర్ట్ ఫ్రాస్ట్ కవితా సంపుటి ఒకటి 1923లో వచ్చింది. దాని పేరూ ‘న్యూహాంప్‌షైరే’. 1998తో హక్కు తీరుతుందని ఎల్డ్రెడ్ కాచుకుని కూర్చున్నాడు. సరిగ్గా ఆ ఏడే అమెరికా కాంగ్రెసు గడువుని మరో 20 ఏళ్ళు పెంచేసింది. ఆయన కోర్టుకెక్కాడు. లారెన్స్ లెస్సిగ్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసరు వాదించాడు. 2003 జనవరిలో సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులు కాదన్నారు, ఇద్దరే అవునన్నారు. ఆ పుస్తకానికి 2019 జనవరి 1న గానీ విముక్తి కలగలేదు.

అయితే తీర్పు వచ్చేదాకా వాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోలేదు. చట్టం మారకపోతే మానె, ఇవ్వదలుచుకున్నవాళ్ళు ఆ మాట ముందే రాసి పెట్టవచ్చు కదా అనుకున్నారు. 2001లో మరికొందరితో కలిసి ‘క్రియేటివ్ కామన్స్’ అనే సంస్థ స్థాపించారు. 2002 డిసెంబరులో మొదటి లైసెన్సులు వచ్చాయి.

అందులో షరతులు నాలుగే. నా పేరు చెప్పాలి. వ్యాపారానికి వాడకూడదు. మార్పులు చేయకూడదు. మారిస్తే, మార్చినదాన్ని కూడా ఇవే షరతులమీద పదిమందికీ ఇవ్వాలి. రచయిత తనకి కావలసినవి ఎంచుకోవచ్చు. ఇప్పటి ఆరు లైసెన్సుల్లోనూ పేరు చెప్పడం మాత్రం తప్పనిసరి. హక్కు రచయితదే, అనుమతి మాత్రం అందరిదీ!

మన తెలుగు వికీపీడియా వ్యాసాలు ఇలాంటి లైసెన్సుమీదే ఉన్నాయి. ప్రథమ్ బుక్స్‌వారు 2015లో మొదలుపెట్టిన ‘స్టోరీవీవర్’లో తెలుగు పిల్లల కథలున్నాయి. డబ్బివ్వక్కర్లేదు. చదివి వినిపించవచ్చు, అచ్చు తీసుకోవచ్చు, మరో భాషలోకి మార్చనూవచ్చు. రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు, ఎక్కడ దొరికిందో, ఏ లైసెన్సో రాస్తే చాలు. అంతేగాని, ఇంటర్నెట్‌లో కనబడిన ప్రతి బొమ్మా ఊరుమ్మడి సొత్తు కాదు సుమండీ! ముందు లైసెన్సు గుర్తు వెతుక్కోవాలి.

ఇచ్చేవాళ్ళూ ఆలోచించుకోవాలి. వాయనం ఇచ్చి వెనక్కి అడగం కదా, ఇదీ అంతే. షరతులు పాటించినంతకాలం, ఒకసారి ఇచ్చిన అనుమతిని రద్దు చేయలేం. నా నవలలన్నీ ఇలా ఇచ్చేస్తానా అంటే, ఇవ్వను. వాటిమీద వచ్చే డబ్బుతో నా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. పిల్లల కోసం రాసిన కథలు మాత్రం ఇచ్చేయాలని నిశ్చయించుకున్నాను. ఏ ఊరి బడిలోనైనా సరే, నాటకం వేసుకోండి, బొమ్మలు గీసుకోండి. నా పేరు మాత్రం మరిచిపోకండేం!